చెరువు నుంచి కొళాయి దాకా: ధర్మవరం ప్రాంతంలో తాగునీటిపై ప్రజా చైతన్యం

శ్రీ సత్యసాయి జిల్లాలోని ధర్మవరం పట్టణం పట్టుచీరలకు పేరుగాంచినది. 2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణ జనాభా 1,21,874. పట్టణ ప్రాంతాలలో ఒక్కొక్కరికి రోజుకు 135 లీటర్ల నీరు అందవలెనన్న ప్రమాణాన్ని బట్టి లెక్కించినచో, ఈ జనాభాకు దినమొక్కింటికి సుమారు 1 కోటి 64 లక్షల లీటర్లు అవసరమవుతాయి. పట్టణం నెలకొని ఉన్నది మాత్రం ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా వర్షం కురిసే ప్రాంతంలో. ఉమ్మడి అనంతపురం జిల్లాను దేశంలో అత్యల్ప వర్షపాతం గల జిల్లాల సరసన చేర్చి చెప్పడం పరిపాటి. ఇంతటి నీటిని సమకూర్చడం ఇంజనీర్ల బాధ్యత. వచ్చిన నీరు బిందెలో పడే వరకు, పడిన తరువాత కూడా చెడిపోకుండా, వృథా కాకుండా చూడడం మాత్రం ప్రజల సహకారం లేనిదే సాధ్యపడదు. అందుచేతనే ఈ ప్రాంతంలో నీటి పథకాలతో పాటు నీటిపై అవగాహన కార్యక్రమాలు కూడా దశాబ్దాలుగా సాగుతూ వచ్చాయి. వాటిలో ఏవి ఫలించాయి, ఎందుకు ఫలించాయి అన్నది పరిశీలించదగిన విషయం.

చెరువులు నేర్పిన శాస్త్రం

నీటి విజ్ఞానం ఈ సీమకు కొత్త కాదు. కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో జన్మించిన చిత్రావతి నది ఉత్తరంగా ప్రవహిస్తూ పుట్టపర్తి మీదుగా వచ్చి, బుక్కపట్నం, ధర్మవరం పెద్ద చెరువులకు ఆధారమై, అటుపై కడప సీమలో పెన్నలో కలుస్తుంది. ధర్మవరం చెరువును క్రియాశక్తి ఒడెయరు నిర్మించినట్లు, ఆయన తల్లి ధర్మాంబ పేరిట ఊరికి ఈ పేరు వచ్చినట్లు స్థానికంగా చెప్పుకుంటారు.

పెనుకొండకు సంబంధించి మరింత స్పష్టమైన ఆధారం ఉన్నది. 1388 నాటి శాసనం ప్రకారం, ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉన్న కాలంలో పెన్న నీటిని అక్కడికి తేవలసిందిగా సింగయభట్టు అనే జలసూత్ర నిపుణుని ఆదేశించగా, ఆయన సిరువెర చెరువు వరకు కాలువ తీయించాడు. ఆ కాలువకు రాజు పేరు పెట్టారు. నీటిని దూరం నుంచి తెచ్చుకోవలసిన అవసరం ఈ ప్రాంతానికి నేడు కొత్తగా ఏర్పడినది కాదని ఈ శాసనమే సాక్ష్యం. కాలువ తవ్వించిన ఇంజనీరు పేరును రాతిపై చెక్కించడం ఆనాటి పాలకుల సంస్కారానికి నిదర్శనమని కూడా చెప్పవచ్చు.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు వద్ద గల 1369 నాటి శాసనం నీటి పాఠ్యపుస్తకమని అనదగినది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు వేయించిన ఈ శాసనం మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను వివరిస్తుంది. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండడం ఆ దోషాలలో కొన్ని. నీరు కొద్దిగా ఉండి, దానిపై ఆధారపడిన నేల విస్తారంగా ఉండడం కూడా దోషమేనని అందులో పేర్కొన్నారు. ఆరు వందల యాభై సంవత్సరాల క్రితం గుర్తించిన ఈ దోషమే నేడు బోర్ల రూపంలో తిరిగి ఎదురవుతున్నది.

చెరువుల నిర్వహణ కూడా ఒక పద్ధతి ప్రకారం సాగేది. కట్ట మరమ్మతులకు దశబంధం మాన్యాలు ఉండేవి. తూము తెరిచి మూసే బాధ్యత నీరుగంటిది. ఏటా పూడిక తీయడంలో ఊరంతా పాలుపంచుకునేది. చెరువు మరువ పారిందంటే ఊరికి ఆ ఏడాది దిగులు తీరినట్లే. నీటిని కళ్లతో చూసి, ఎంత ఉన్నదో తెలుసుకొని, దానికి తగినట్లు పంట వేసుకునే అలవాటు ఈ వ్యవస్థలోనే ఇమిడి ఉండేది. బోరుబావులు విస్తరించిన తరువాత నీరు కంటికి కనిపించకుండా పోయింది. ఎంత తోడినదీ, ఎంత మిగిలినదీ ఎవరికీ తెలియని స్థితి ఏర్పడింది.

దూరం నుంచి వచ్చే నీరు

ధర్మవరం పట్టణానికి నేడు ప్రధానాధారం పార్నపల్లి వద్దనున్న చిత్రావతి సమతుల జలాశయం. హిందూపురం దశాబ్దాలపాటు ట్యాంకర్ల మీద ఆధారపడిన పట్టణం. పెన్న అహోబిలం జలాశయం నుంచి శ్రీరామిరెడ్డి తాగునీటి పథకం ద్వారా, తదనంతరం గొల్లపల్లి జలాశయం నుంచి ప్రత్యేక పైపులైను ద్వారా అక్కడికి నీరు చేరింది. శ్రీశైలం జలాశయం నుంచి హంద్రీ-నీవా ఎత్తిపోతల ద్వారా తరలించిన కృష్ణా జలాలు 2012లో జీడిపల్లికి, 2016 డిసెంబరులో పెనుకొండ సమీపంలోని గొల్లపల్లి జలాశయానికి చేరుకున్నాయి. వందలాది కిలోమీటర్లు ప్రయాణించి, పలుచోట్ల విద్యుత్ మోటార్లతో పైకి ఎత్తబడి వచ్చిన నీరిది. కొళాయి కట్టివేయకుండా వదిలినచో పోయేది నీరు మాత్రమే కాదు, ఆ నీటిని ఎత్తడానికి వెచ్చించిన విద్యుత్తు కూడా.

గ్రామీణ ప్రాంతాల విషయంలో సత్యసాయి తాగునీటి పథకం ఒక మలుపు. 1994 నవంబరులో ప్రకటించి, 1995 మార్చిలో పనులు ప్రారంభించి, అదే సంవత్సరం నవంబరు నాటికే తొలి దశను ప్రజలకు అందించారు. మొత్తం 731 గ్రామాలకు ఉద్దేశించిన ఈ పథకానికి గుర్తుగా 1999 నవంబరు 23న భారత తపాలా శాఖ ప్రత్యేక స్టాంపు విడుదల చేసింది. దీని ప్రాధాన్యం గ్రామాల సంఖ్యలో కన్నా, ఉపరితల జలాలను ఇంటి ముంగిటికి చేర్చి ఫ్లోరైడ్ నీటికి ప్రత్యామ్నాయం చూపడంలో ఉన్నది.

అయితే ఇక్కడొక చిక్కు ఉన్నది. గొట్టం పగిలినా, విద్యుత్తు నిలిచినా, జలాశయం అడుగంటినా నీరు ఆగిపోతుంది. ఆగిన మరుక్షణం జనం పాత బోరు వద్దకే వెళతారు. ఆ బోరులోని నీరు ఎటువంటిదో ముందే తెలిసి ఉండవలెను. ధర్మవరం వంటి చోట అవగాహన కార్యక్రమాల అసలు అవసరం ఇక్కడే మొదలవుతుంది.

రుచికి అందని దోషం

నీటిని ‘మంచినీరు’, ‘ఉప్పునీరు’ అని రెండుగా విడదీయడం మన ఇళ్లలో పరంపరగా వస్తున్నది. పప్పు త్వరగా ఉడికితే, సబ్బు బాగా నురుగు వస్తే అది మంచినీరు. ఉడకకపోతే, నురుగు రాకపోతే ఉప్పునీరు. ఈ పరీక్ష తప్పేమీ కాదు. నీటిలోని సున్నపు లవణాలను అది చక్కగా పట్టి చూపుతుంది. ధర్మవరం నేతపనివారికి, రంగుల అద్దకందారులకు ఈ సంగతి మరింత బాగా తెలుసు. పట్టునూలుకు రంగు వేయక ముందు సబ్బు, సోడా కలిపిన వేడినీటిలో ఉడికించి జిగురు తీసివేస్తారు. నీరు కఠినమైనదైతే సబ్బు విరిగి తెట్టుగా నూలుకు అంటుకుంటుంది, రంగు సమంగా పట్టదు. కనుక నీటి గుణాన్ని ఇక్కడి కార్మికుడు చేతితో తాకి చెప్పగలడు.

కానీ ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. అంతకన్న ముఖ్యమైన విషయం ఒకటున్నది. నల్లరాతి పొరలలో కాల్షియం తక్కువగా ఉన్న నీటిలోనే ఫ్లోరైడ్ తరచుగా ఎక్కువ మోతాదులో కరిగి ఉంటుంది. అనగా పప్పు చక్కగా ఉడికించే ‘మంచినీరే’ ఎముకలకు చేటు తెచ్చేది కావచ్చు. ఇంటి పెద్దల అనుభవం మోసపోయే చోటు ఇదొక్కటే. గ్రామసభలలో ఈ ఒక్క విషయాన్ని విడమరిచి చెప్పగలిగితే మిగిలిన ఉపన్యాసాలు సగానికి తగ్గించవచ్చు.

భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించిన ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చు. వేరే ఆధారం లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చు. అంతకు మించిన నీటిని పళ్లు రూపుదిద్దుకునే వయస్సులో పిల్లలు ఏళ్ల తరబడి తాగినచో పళ్లపై గోధుమరంగు చారలు ఏర్పడతాయి. మోతాదు మరింత ఎక్కువై, దీర్ఘకాలం కొనసాగినచో కీళ్లు బిగుసుకొని, వెన్ను వంగిపోతుంది. వచ్చిన వైకల్యాన్ని తిరిగి సరిచేసే మందు లేదు. మన దేశంలో ఈ వ్యాధిని తొలుత 1937లో గుర్తించినది నాటి నెల్లూరు జిల్లాలోనే. నీటి నుంచి ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తొలగించే విధానానికి ‘నల్గొండ పద్ధతి’ అని పేరు వచ్చినదీ తెలుగునాటనే.

ఫ్లోరైడ్ విషయంలో తరచుగా ఎదురయ్యే అపోహ, నీటిని కాచి తాగితే సరిపోతుందన్నది. కాచడం వలన క్రిములు నశిస్తాయి, ఫ్లోరైడ్ నశించదు. పైగా నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని సాంద్రత పెరుగుతుంది. గుడ్డతో వడకట్టినా, బిందెలో తేటపరచినా ఫలితం ఉండదు. విరేచనాలు, కామెర్లకు చెప్పే జాగ్రత్త వేరు, ఫ్లోరైడ్‌కు చెప్పే జాగ్రత్త వేరు. రెంటినీ ఒకే కరపత్రంలో కలిపి ముద్రించడం వలన గందరగోళం పెరిగిన సందర్భాలు లేకపోలేదు.

కొళాయి చివర పరీక్ష

పైపుల ద్వారా వచ్చే నీటికి వేరొక ప్రమాదం ఉన్నది. శుద్ధి కేంద్రంలో క్లోరిన్ కలిపిన నీరు పట్టణం చివరి వీధికి చేరేసరికి కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండవలెను. దీనిని క్లోరోస్కోపుతో క్షణాలలో తెలుసుకోవచ్చు. చిన్న గాజునాళికలో నీరు తీసుకొని రసాయనం చుక్కలు వేయగా రంగు తేలుతుంది, దానిని పెట్టెలోని రంగులతో పోల్చి చూడడమే. ట్యాంకు పక్కనున్న కొళాయి వద్ద పరీక్షించి సంతృప్తి చెందితే ప్రయోజనం లేదు. గొట్టం ఆఖరు కొసన, మురికివాడలోని చివరి కొళాయి వద్ద పరీక్షించినప్పుడే పట్టణం నీటి పరిస్థితి తెలుస్తుంది.

నీటి సరఫరా రోజులో కొద్ది గంటలకే పరిమితమైన చోట, సరఫరా ఆగిన వెంటనే గొట్టంలో పీడనం తగ్గిపోతుంది. ఆ సమయంలో పగుళ్ల నుంచి మురుగు లోనికి చేరే అవకాశం ఉన్నది. నీరు సరిగా ఎక్కడం లేదని ఇంటి ముందు గుంత తవ్వి కొళాయిని దించుకోవడం, నేరుగా గొట్టానికే మోటారు బిగించి లాగడం ఈ ప్రాంత పట్టణాలలో చాలాకాలంగా కనిపించే అలవాట్లు. మోటారు లాగేది పొరుగువారి వాటా నీటినే కాక, కాలువలోని మురుగును కూడా. గుంతలో నిలిచిన నీరు సరఫరా ఆగగానే తిరిగి గొట్టంలోకి పోతుంది. జరిమానాలు, మోటార్ల స్వాధీనం వంటి చర్యలు అవసరమే. అయితే ‘చట్టరీత్యా నేరం’ అన్న బోర్డు కన్నా, ‘ఈ గుంత నీరే రేపు మీ బిందెలోకి వస్తుంది’ అన్న మాట ఇల్లాలికి త్వరగా అందుతుంది.

సరఫరా లేని రోజుల కోసం డ్రమ్ములలో, తొట్లలో నీటిని నిలువ చేయడం తప్పనిసరి. మూత లేని పాత్రలో వారం దాటిన నీరు డెంగ్యూ దోమకు పుట్టిల్లు. అందుకే వారానికి ఒక రోజు తొట్లను ఖాళీచేసి, లోపలి గోడలు రుద్ది ఆరబెట్టే ‘డ్రై డే’ కార్యక్రమాన్ని వైద్య ఆరోగ్య శాఖ ప్రోత్సహిస్తున్నది. బావి లేదా సంపు నీటికి బ్లీచింగ్ పౌడరు వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాములు సరిపోతుంది. కలిపిన తరువాత కనీసం అరగంట ఆగి వాడుకోవలెను. 2021 నవంబరులో చిత్రావతికి వచ్చిన వరద ఈ సూచనల విలువను గుర్తుచేసింది. ఆ వరదలో చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి వద్ద చిక్కుకున్న 10 మందిని వైమానిక దళ హెలికాప్టరు కాపాడింది. కరవుసీమలో వరద రాదనుకోవడం పొరపాటు. వరద తగ్గిన తరువాత మునిగిన బావులు, బోర్లు క్లోరినేషన్ జరిగే వరకు వాడకూడనివే.

ఇరవై లీటర్ల క్యాన్ల నీటి విషయం కూడా ఇక్కడ ప్రస్తావించక తప్పదు. ఆర్‌ఓ యంత్రం ఫ్లోరైడ్‌ను తగ్గిస్తుంది, ఆ మేరకు బోరు నీటిపై ఆధారపడినవారికి ఉపయోగమే. కానీ సాధారణ గృహయంత్రం ఒక లీటరు నీరు ఇవ్వడానికి సుమారు మూడు లీటర్లు బయటకు వదులుతుంది. జలాశయం నుంచి వచ్చే శుద్ధిచేసిన కొళాయి నీటిని తిరిగి ఆర్‌ఓలో పోయడం చాలా ఇళ్లలో అనవసర వ్యయం. యంత్రం వాడేవారు వదిలే నీటిని పాత్రలు కడగడానికైనా పట్టుకోవచ్చు.

కొలిచినవారే నమ్మారు

రాష్ట్రంలో 2000 మే నెలలో ప్రారంభమైన ‘నీరు-మీరు’ కార్యక్రమంతో ఇంకుడుగుంత అన్న మాట ఇంటింటికీ చేరింది. 2002లో జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టం (వాల్టా) వచ్చింది. ప్రజా తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బోరు వేయరాదన్న నిబంధన దీనిలోనిదే. దేశంలో ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న ప్రారంభమైనది ఈ ఉమ్మడి జిల్లాలోని బండ్లపల్లిలోనే. చెరువుల పూడికతీత, పంట గుంటల తవ్వకం ఆ పథకం పనులలో ప్రధానమైనవి. తదుపరి ‘నీరు-చెట్టు’, 2019 నాటి జలశక్తి అభియాన్ వరుసగా వచ్చాయి.

కళాజాతలు, గోడరాతలు, దండోరాలు, విద్యార్థుల ర్యాలీలు ఈ కార్యక్రమాలన్నింటా జరిగాయి. వాటివలన విషయం నలుగురి నోటా పడిన మాట నిజం. అయితే ర్యాలీ ముగిసి బ్యానరు చుట్టిపెట్టిన తరువాత అలవాటు మారినదా అని చూసినచో, మార్పు వచ్చినది ప్రజలు తామే కొలత తీసుకున్న చోటనే అనిపిస్తుంది. దీనికి చక్కని ఉదాహరణ 2003లో మొదలైన ఆంధ్రప్రదేశ్ రైతు భాగస్వామ్య భూగర్భ జల నిర్వహణ పథకం. నెదర్లాండ్స్ సహాయంతో మొదలై, తరువాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో సాగిన ఈ పథకం అనంతపురంతో సహా ఏడు కరవు జిల్లాలలో అమలైనది. రైతులు వర్షమాపకంలో వాననీటిని, ఎంపిక చేసిన బోర్లలో నీటిమట్టాన్ని స్వయంగా కొలిచి నమోదు చేసేవారు. రబీకి ముందు అందరూ కూర్చొని నేలలో ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని లెక్కవేసేవారు. వరి మానుకొమ్మని ఎవరూ ఆదేశించలేదు. లెక్క గోడమీద కనిపించినప్పుడు ఆ నిర్ణయం రైతులే తీసుకునేవారు. పోరుమామిళ్ల శాసనం చెప్పిన దోషాన్ని రైతు తన పుస్తకంలో తానే పట్టుకున్నాడన్నమాట.

ఇదే సూత్రం తాగునీటికీ వర్తిస్తుంది. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ కింద ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు క్షేత్రస్థాయి కిట్లతో నీటిని పరీక్షించడంలో శిక్షణ ఇవ్వాలని నిర్దేశించారు. పట్టణాలలో 2023 నవంబరు 7 నుంచి 9 వరకు ‘జల్ దీవాళీ’ పేరిట దేశవ్యాప్తంగా స్వయం సహాయక సంఘాల మహిళలను నీటిశుద్ధి కేంద్రాలకు తీసుకువెళ్లి, అక్కడి పరీక్షలను దగ్గరుండి చూపించారు. బురదనీరు పటికతో తేటపడి, ఇసుక పొరల గుండా దిగి, క్లోరిన్ కలిసి బయటకు రావడం ఒకసారి చూసిన ఇల్లాలు కొళాయి వృథాగా పారుతుంటే ఊరుకోదు. ఏటా ఒక తరగతి విద్యార్థులనైనా శుద్ధి కేంద్రానికి తీసుకువెళ్లడం ఉపన్యాస పోటీల కన్నా మేలైన ఏర్పాటు.

పైకప్పు లెక్క

వాననీటి సేకరణ విషయంలోనూ లెక్క చెప్పడమే ఉత్తమం. చదరపు మీటరు స్థలంలో ఒక మిల్లీమీటరు వర్షం కురిస్తే ఒక లీటరు నీరు. 100 చదరపు మీటర్ల మిద్దెపై ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిసినచో 55,000 లీటర్లు. ఆవిరి, చిందులు పోను నూటికి 80 వంతులు పట్టుకున్నా 44,000 లీటర్లు మిగులుతాయి. ఐదుగురు గల కుటుంబానికి తాగడానికి, వంటకు కలిపి రోజుకు 25 లీటర్లు అనుకుంటే, ఈ నీరు 1,760 రోజులకు సరిపోయేటంత. పైగా వాననీటిలో ఫ్లోరైడ్ సమస్య దాదాపు ఉండదు. అంత తొట్టి కట్టడం అందరికీ సాధ్యం కాకపోవచ్చు. ఆ నీటిని ఇంకుడుగుంత ద్వారా నేలలోకి పంపడం మాత్రం అందరికీ సాధ్యమే. సెప్టెంబరు, అక్టోబరు నెలలలోనే అధిక వర్షం కురుస్తుంది గనుక, మిద్దె శుభ్రపరచడం, గుంతలోని ఇసుక, కంకర కడిగి తిరిగి నింపడం ఆగస్టులోగా ముగించవలెను. తొలి వాన నీటిని తొట్టిలోకి పోనీయక బయటకు వదలాలి. సెకనుకు ఒక చుక్క చొప్పున కారే కొళాయి రోజుకు 20 లీటర్ల పైచిలుకు నీటిని పోగొడుతుందని కూడా ఈ లెక్క పక్కనే రాసుకోవచ్చు.

తమ బోరు లేదా బావి నీటిని పరీక్షింపదలచినవారు ఫ్లోరైడ్, లవణాల పరీక్ష కొరకు ఒక లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీటితో రెండు మూడు సార్లు తొలిచి, నిండుగా నింపి గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు అందజేయవచ్చు. బోరు నీరైతే కొద్ది నిమిషాలు తోడిన తరువాతనే పట్టవలెను. క్రిముల పరీక్షకు మాత్రం ప్రయోగశాల ఇచ్చే శుద్ధిచేసిన సీసానే వాడి, ఎండ తగలకుండా చల్లగా ఉంచి, 24 గంటల లోపు చేర్చవలెను. సీసాపై వనరు ఉన్న స్థలం, బోరు లోతు, నీరు పట్టిన తేదీ, వేళ రాయడం మరువరాదు. వేసవిలో ఒకసారి, వానల తరువాత ఒకసారి పరీక్ష చేయించినచో ఏడాది పొడవునా నీటి గుణంలో వచ్చే తేడా తెలుస్తుంది.